ఎడమ చెవి బిళ్ల

బర్రె కనిపిస్తే ముందు దాని ఎడమ చెవి చూస్తాను. నలభై ఏళ్లుగా పోని అలవాటు ఇది. హనుమకొండలో ఆటోలో పోతుంటే రోడ్డుకు అడ్డంగా మంద వస్తుంది. ఆటోవాడు హారన్ కొడుతూ సణుగుతుంటాడు. నేను మెడ బయటికి చాపి ఒక్కొక్కదాని చెవి చూసుకుంటాను. అన్నిటికీ రెండేసి ఉంటే వెనక్కి వాలి కూర్చుంటాను. మా ఆవిడ ఈ తతంగం చూసి చూసి విసిగిపోయింది. "రిటైరయ్యి ఇన్నేండ్లాయె, ఇంకా డ్యూటీ చేస్తాన్నవా?" అంటుంది. ఆమెకు సగమే తెలుసు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేంత గొప్ప సంగతి కాదు గనుక.

ఎనభైల మొదట్లో నేను గ్రామసేవక్‌ని. విత్తనాలు, ఎరువులు, సర్కారు పథకాలు ఊరికి చేర్చే ఉద్యోగం. పాతికేళ్లు కూడా నిండలేదు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నాకు ఇచ్చిన ఊరికి రఘునాథపల్లి దాటాక బస్సు దిగి, సైకిలు మీద నాలుగు మైళ్లు మెట్ట చెలకల బాటలో పోవాలి. ఉండడానికి ఊళ్లో ఇల్లు దొరకలేదు. ఊరి పటేలు తన ఇంటి ముందరి అర్ర ఇచ్చాడు. కిరాయి మాట ఎత్తితే నొచ్చుకున్నాడు. పొద్దున చాయ, మధ్యాహ్నం అన్నం ఆ ఇంటి నుంచే వచ్చేవి. నా కిటికీ తీస్తే ఎదురుగా వాళ్ల పశువుల కొట్టం.

పటేలు నాటకాల్లో చూపించే దుర్మార్గుడు కాడు. గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. జీతగాడికి జ్వరమొస్తే తన ఎడ్లబండి కట్టించి దవాఖానకు పంపేవాడు. ఊళ్లో భూమి సగానికి పైగా ఆయనదే. కాగితం మీద మాత్రం ఆయన కూడా మామూలు రైతే. భూమికి పరిమితి పెట్టే చట్టం వచ్చినప్పుడు మిగులు భూమినంతా తన దగ్గర ఏడాది జీతానికి పనిచేసే జీతగాళ్ల పేర్ల మీద రాయించాడు. సాగు, పంట, పెత్తనం ఆయనవే. పేర్లు మాత్రం వాళ్లవి.

అప్పుడొచ్చింది బర్రెల పథకం. ఐదెకరాల లోపు ఉన్న చిన్న రైతుకు ఒక పాడి బర్రె. ధరలో మూడో వంతు సర్కారు సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు. పాలమ్ముకుంటూ అప్పు తీర్చుకోవాలి. బర్రె చస్తే రైతు మునిగిపోకుండా బీమా కూడా ఉంది. మా ఊరికి పన్నెండు బర్రెలు మంజూరయ్యాయి. ఎవరికివ్వాలో జాబితా రాయాల్సింది నేను. ఇల్లిల్లూ తిరిగి రాద్దామని సైకిలు బయటికి తీస్తుంటే పటేలు అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఎండలు మండుతానయి సారూ. ఊరంత తిరుగుడెందుకు? చిన్న రైతులెవ్వలో నాకెర్క లేదా? కూసో, నేను చెప్త, నువ్వు రాసుకో."

కూర్చున్నాను. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఒక్కొక్క జీతగాడూ కొట్టంలోంచి వచ్చి, పేడ చేతులు ధోతికి తుడుచుకుని, వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు. అందరూ రికార్డు ప్రకారం చిన్న రైతులే. నేను రాసినదాంట్లో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

వాళ్లలో ముసలి జీతగాడు ఒకడు. పటేలు తండ్రి కాలం నుంచి ఆ ఇంట్లోనే ఉన్నవాడు. వేలికి సిరా అంటించుకుని, ముద్ర వేయకముందే అడిగాడు.

"సారూ, నా పేరు మీద భూమి ఉన్నదా?"

"ఉంది తాతా. నాలుగెకరాల ఇరవై గుంటలు."

"ఏడున్నది?"

కాగితం చూసి, పాత మోటబావి కింద, తుమ్మల పక్కన అని చెప్పాను. ముసలాయన ఆలోచించి నవ్వాడు. "అది నేను దున్నేదే. ముప్పై ఏండ్ల సంది దున్నుతాన."

"దున్నెటోనిదే భూమి అన్నరు గదనే," అన్నాడు పటేలు. ముగ్గురం నవ్వాం. అందులో నా నవ్వే గట్టిగా వినిపించిందని ఇప్పుడనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు ముసలాయన పని దిగి ఇంటికి పోతూ ఆ చెలక గట్టు మీద నిలబడి కనిపించేవాడు. ఒకరోజు సైకిలు ఆపి ఎందుకు నిలబడ్డావని అడిగాను. "ఊకెనే సారూ. నా పేరుతోని ఉన్నదట గదా, జర చూసి పోదామని," అన్నాడు. నేను బెల్లు కొట్టుకుంటూ ముందుకు పోయాను.

జాబితాలో పదకొండు పేర్లు పడ్డాయి. పన్నెండోవాడు జీతం మానేసి బొగ్గుబాయి పనికి పారిపోయాడు. మర్నాడే జాబితా ఇచ్చేయాలి. అప్పుడు గుర్తొచ్చింది, నాలుగు రోజులుగా పటేలు ఇంటి గేటు పక్కన వచ్చి కూర్చుంటున్న మనిషి. నలభై ఏళ్లుంటాయి. భర్త పాము కరిచి పోయాడు, ఎకరం చెలక ఉంది, పిల్లలు లేరు. ఏమీ అడిగేది కాదు. పొద్దెక్కేదాకా కూర్చుని లేచిపోయేది. "అక్కా, రోజూ ఎందుకొస్తున్నావు?" అని అడిగితే అన్నది:

"నువ్వు రాసేటప్పుడు కండ్ల ముందట ఉంటే యాదికొస్తనని."

పటేలు వంక చూశాను. ఆయన తల ఊపాడు. "రాయి సారూ, పాపం. ఒక్కటన్న ధర్మానికి పోవాలె." అలా పన్నెండింటిలో ఒక్కటి, నిజంగా రావలసిన మనిషికి, ధర్మం కింద వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలంటారు. ఆ పూట పూజారి కరుణించాడని నేను కూడా సంతోషించాను. ఒక మంచి పని చేశానని మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

బర్రెలు అంగడి నుంచి వచ్చిన రోజు పశువుల డాక్టరు వచ్చి ఒక్కొక్కదాని ఎడమ చెవికి పట్టకారుతో ఇత్తడి బిళ్ల గుచ్చాడు. బిళ్ల మీద నంబరు. బీమా ఆఫీసుకు బర్రెను గుర్తుపట్టడానికి అదే ఆధారం. పదకొండూ ఏ గొడవా లేకుండా పటేలు కొట్టంలోకి నడిచాయి. పన్నెండోదాని వంతు వచ్చేసరికి ఆమె దాని మొహాన్ని రొమ్ముకు అదుముకుని "నొస్తదేమో సారూ, జర మెల్లగ," అని డాక్టరును బతిమాలింది. బిళ్ల దిగగానే మంచినూనెలో పసుపు కలిపి రాసింది.

డాక్టరు పోతూ పోతూ నాకు చెప్పాడు. బర్రె చస్తే వెంటనే కబురు పెట్టాలి, బిళ్లతో సహా ఎడమ చెవి కోసి తెచ్చి చూపించాలి, చెవి లేకపోతే బీమా రాదు. ఈ మూడు ముక్కలూ ప్రతి రైతుకూ అర్థమయ్యేట్టు చెప్పే బాధ్యత నాది. షరతుల కాగితం ఇంగ్లిషులో ఉంది. పటేలు ఆ సాయంత్రమే నాతో దాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

ఆమెకు చెబుదామని ఇంటికి వెళ్లాను. వాకిట్లో ముగ్గు పెట్టింది. బర్రె కాళ్లు కడిగి, నుదుట బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆమె వంగి, బర్రె డెక్కలకు పసుపు రాస్తోంది. ఇంటికొచ్చిన లక్ష్మి ముందు నిలబడి, ఇది చస్తే చెవి కోసి పట్టుకురా అని ఎలా చెప్పేది? బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అనే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. బెల్లం నోట్లో వేసుకుని, మంచిదక్కా, రేపొస్తానని లేచాను. రేపు వెళ్లాను, ఎల్లుండి వెళ్లాను, మజ్జిగ తాగి వచ్చాను. ఆ మాట మాత్రం వెనక్కి పోతూనే ఉంది. కొన్నాళ్లకు దాన్ని మరిచేపోయాను.

ఆ ఏడాది ఆమె ఇల్లు కళ్లముందే మారింది. రోడ్డు మీది హోటల్‌కు పాలు పోసేది. బ్యాంకు కిస్తీ ఒక్కటి తప్పలేదు. నేను ఎప్పుడు వెళ్లినా చింతపండుతో ఆ ఇత్తడి బిళ్ల తోముతూ ఉండేది. "ఏంటక్కా అది?" అంటే "దాని కమ్మ సారూ. ఆడపిల్ల చెవికి ఒక్కటే కమ్మ పెట్టిండ్రు మీ డాక్టరు," అని నవ్వేది. బర్రె కదలకుండా చెవి ఆమె చేతికిచ్చి నిలబడేది.

రెండో ఎండాకాలం ఒక మధ్యాహ్నం ముసలి జీతగాడు నా అర్రకు వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. విప్పి నా బల్ల మీద పెట్టాడు. దొడ్డుప్పులో నల్లటి చెవి. వెంట్రుకల మధ్య ఇత్తడి బిళ్ల.

"బర్రె సచ్చింది సారూ. కాయిదం రాయమన్నడు పటేలు."

రాశాను. వారం తిరక్కుండా ఇంకో చెవి వచ్చింది. దానికీ రాశాను. అప్పటికి నాకు అనుమానం రాలేదంటే నమ్మకండి. వచ్చింది. కిటికీ మూసుకుని కూర్చున్నాను. మర్నాడు సైకిలు గాలిపంపు కోసం కొట్టంలోకి పోతే, చచ్చిపోయిన బర్రె గడ్డి మేస్తోంది. తలకు ఎడమ పక్క పసుపు గుడ్డ కట్టి ఉంది. దాని పక్కనే రెండోది.

పటేలు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. దాచాలనే తొందర ఏమీ లేదు ఆయనలో. "కాయిదం మీద సచ్చినయి, కొట్టంల బతికినయి. బీమా కంపెనీ అప్పు తీర్స్తది, బ్యాంకుకు పైసలు ముడ్తయి, బర్రెకు గడ్డి దొర్కుతది. ఎవ్వలికి నష్టం సారూ, నువ్వే చెప్పు?"

నేను చెప్పలేదు. వాళ్లింటి ఉప్పు తిన్నవాణ్ణి. పైగా నన్ను పర్మనెంటు చేసే కాగితం మీద పై అధికారి సంతకం పెట్టాలి, ఆ అధికారి మా ఊరికొస్తే దిగేది ఈ ఇంట్లోనే. అవి సాకులని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.

మొత్తం ఏడు చెవులు. డాక్టరు చెవి చూసి సంతకం పెట్టేవాడు. చెవి ఎదురుగా ఉంటే బర్రె ఏదని ఆయన అడగడు. నేను వాటిని సంచిలో పెట్టుకుని బస్సులో హనుమకొండ తీసుకెళ్లేవాణ్ణి. ఎండకు వాసన లేచి పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే, ఎండుచేపలని అబద్ధం చెప్పేవాణ్ణి. ఆఫీసులో గుమాస్తా ముక్కుకు రుమాలు పెట్టుకుని, బిళ్ల నంబరు సరిచూసుకుని, స్టాంపు గుద్దేవాడు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్లం పట్టుకున్నాం.

ఆ వేసవంతా కిటికీ తీయడం మానేశాను. ఉక్కపోస్తే తీయక తప్పేది కాదు. ఎదురుగా ఒంటిచెవి బర్రెలు వరసగా కట్టేసి ఉండేవి. చెవి లేని పక్క ఈగలు ముసిరితే విదిలించుకోవడానికి ఏమీ లేక తల మొత్తం ఊపేవి. ఊరంతా నిద్రపోయే మధ్యాహ్నం వేళ, చప్పుడేమీ లేనప్పుడు, ఏడూ ఒక్కసారిగా తలలు తిప్పి నా కిటికీ వైపు చూసేవి. గాలి మారితే పశువులు అలా చూస్తాయని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నా చేతి రాతలో అవి చచ్చిపోయి ఉన్నాయి. రోజూ పొద్దున వాటి పాలే నా చాయలో పడేవి. చాయ మానేస్తే పటేలుకు అర్థమైపోతుందని తాగేవాణ్ణి.

ముసలాయన పరిస్థితి నాకంటే అన్యాయం. కోసింది ఆయన చేతులే. ఒకరోజు నా గడపలో కూలబడి, "నేను కొట్టంలకు పోతే మొఖం తిప్పుకుంటానయి సారూ. గడ్డేసినా ముడ్తలేవు, నేను బయటికొచ్చినంక తింటానయి," అన్నాడు. చుట్ట ముట్టించుకోమని అగ్గిపెట్టె ఇచ్చాను.

తొలకరి పడ్డాక నేను వారం రోజులు ట్రెయినింగుకు వరంగల్ వెళ్లాను. తిరిగొచ్చేసరికి గేటు పక్కన ఆమె కూర్చుని ఉంది, మునుపు కూర్చున్న చోటే. చేతిలో పలుపుతాడు.

"బర్రె పోయింది సారూ. గొంతు వాసింది. పొద్దుగాల వాసింది, పొద్దుగూకేసరికి పోయింది. ఐదు నెలల చూడిది."

"ఎన్నాళ్లయింది?"

"నాలుగొద్దులు. నువ్వు లేకపోతివి. కాయిదం రాయి సారూ. బర్రె పోతే బీమా ఉంటదని అందరంటాండ్రు."

"చెవి ఏదక్కా?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏం చెవి?"

"బిళ్ల ఉన్న చెవి. కోసి తేవాలి. బిళ్ల ఎక్కడుంది?"

"దాని చెవికే ఉన్నది. నా చెలకల్నే బొంద పెట్టిన. దాని సొమ్ము దానితోనే పోవాలె గదా సారూ." తర్వాత నెమ్మదిగా అన్నది, "చూడి జీవం మీద కత్తి పెట్టరు మా ఇంట్ల. తోలుకు గూడ ఇయ్యలేదు."

నేను అరిచాను. ఎవరినడిగి పూడ్చావు, రూల్సు తెలియవా, బుద్ధి లేదా అని గేటు ముందు నిలబెట్టి అరిచాను. తప్పు నాది, అరుపు ఆమె మీద. చెప్పనివాడు చెప్పించుకోనివాళ్ల మీద అరవడం సర్కారు ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్న విద్య. ఆమె తల వంచుకుని అంతా విన్నది. బీమా రాకపోతే బ్యాంకు అప్పు మొత్తం ఆమె నెత్తిన ఉంటుంది. అప్పు ఉన్నన్నాళ్లూ ఇంకో బర్రె రాదు. ఉన్న ఎకరం చెలక ఎవరి చేతిలోనైనా పెట్టక తప్పదు. అది ఆమెకు నేను విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"తవ్వుమంటవా?" అన్నది చివరికి.

"తవ్వాలక్కా."

"నువ్వంటే తవ్వుత."

ముసలి జీతగాణ్ణి గడ్డపార, పార పట్టుకుని రమ్మన్నాను. ముసురు పడుతోంది, పట్టపగలు. చెలక మూలన కొత్త మట్టి మీద ఒక రాయి, రాతికి పసుపు, పక్కన ఆరిపోయిన ప్రమిద. ముసలాయన రాయికి దండం పెట్టి పక్కకు జరిపాడు. మట్టి మెత్తగా ఉంది, ఎక్కువసేపు పట్టలేదు. ముందు ఎర్రచీర కొంగు బయటపడింది. తన పెళ్లి చీర కప్పి పూడ్చింది ఆమె. ఆ తర్వాత వాసన లేచింది. నేను గట్టు మీదికి జరిగాను. ఆమె జరగలేదు.

చీర తొలగిస్తే పైకి కనిపించింది కుడి చెవి. బర్రె ఎడమ పక్కకు పడుకుని ఉంది. తల తిప్పితే గాని బిళ్ల దొరకదు. ముసలాయన గుంతలోకి దిగి, మెడ కింద రెండు చేతులూ పోనిచ్చి, మోకాలు దాని పొట్టకు ఆనించి లేపాడు.

అప్పుడు బర్రె అరిచింది.

పెద్దగా కాదు. సాయంత్రం పాలు పిండడానికి ఆమె ఆలస్యం చేస్తే పిలిచేదే, ఆ గొంతుతోనే, లోపల్నుంచి, దీర్ఘంగా. ముగ్గురమూ విన్నాం. లోపల నిండిన గాలి నొక్కితే నోట్లోంచి వస్తుందని, అలాగే వినిపిస్తుందని డాక్టరు తర్వాత చెప్పాడు. నిజమే అయి ఉంటుంది. నాకు భయమేసింది, ఆ భయం ఇప్పటికీ పోలేదు.

ఆమె గుంతలోకి దూకి ముసలాయన చేతులు లాగేసింది. "చాలు. మూసెయ్యి. దాని మీద చెయ్యి ఎయ్యకుండ్రి." తనే చీర సర్ది కప్పింది, మూతి దగ్గర మడత పెట్టింది. ముసలాయన గుంతలోంచి ఎక్కి అంచున కూర్చుని, ఒంటిచెవి బర్రెలకో ఈ బర్రెకో తెలియదు, ఏడుస్తూ క్షమాపణ చెప్పుకున్నాడు. చివరికి మట్టి ఆమే పోసింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

"నాకొద్దు సారూ," అన్నది పార కడుగుతూ. "చెవి లేకుండ నువ్వు రాయగలిగితే రాయి. లేకపోతే నా నసీబు."

రాశాను. ఉద్యోగంలో చేరాక అంత నిజమైన రిపోర్టు నేను రాయలేదు. గొంతువాపుతో చచ్చింది, పూడ్చిన చోటు చూశాను, కుడి చెవి చూశాను, ఆచారం వల్ల ఎడమ చెవి తీయలేకపోయారు అని ఒక్క అబద్ధం లేకుండా రాసి హనుమకొండ తీసుకెళ్లాను. ఈసారి సంచి ఖాళీగా ఉంది. ముక్కుకు రుమాలు అక్కర్లేని కాగితం చూసి గుమాస్తా తికమకపడ్డాడు. రెండుసార్లు చదివాడు. చెడ్డవాడేం కాదు.

"చెవి లేకుండ కష్టం సార్," అన్నాడు. "ఒక్క దారుంది. రైతుకు ఈ షరతు ముందుగ ఎవ్వరూ చెప్పలేదని రాసియ్యండి. తెలియక పూడ్చిందని నేను స్పెషల్ కేసు కింద పైకి పంపుత. వస్తది. నిరుడొకటి వచ్చింది గూడ." కలం మూత తీసి నా ముందు పెట్టాడు. "చెప్పిండ్రా ఆమెకు?"

చెప్పలేదని రాసిస్తే బాధ్యత నాది. మెమో వస్తుంది. మెమో వస్తే పర్మనెంటు ఆగుతుంది. ఎందుకు చెప్పలేదని విచారణకు ఎవరైనా ఊరికి వస్తే మొదట చూసేది కొట్టం. ఇవన్నీ ఆ కలం వంక చూస్తూ ఒక్క నిమిషంలో ఆలోచించాను. ఆమె గేటు దగ్గర కూర్చుని ఉంటుందని కూడా ఆలోచించాను.

"చెప్పాను," అన్నాను.

ఆయన కలం మూత పెట్టేసుకున్నాడు.

ఊరికొచ్చి, పైవాళ్లు ఒప్పుకోలేదక్కా అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వైతే తిరిగినవ్ గదా సారూ," అన్నది. ఆ మాటకు బదులు రెండు తిట్లు తిట్టి ఉంటే నా బతుకు కాస్త తేలికయ్యేది.

దసరా నాటికి బ్యాంకు నోటీసు వచ్చింది. పటేలే అప్పు కట్టేశాడు. పత్రం ఏమీ రాయించుకోలేదు, ఆయనకు అలాంటివి నచ్చవు. చెలక ఆయన నాగళ్ల కిందికి పోయింది, ఆమె కొట్టంలో పేడ తీసే పనికి వచ్చింది. కిటికీ తీస్తే ఇప్పుడు ఒంటిచెవి బర్రెల మధ్య ఆమె కనిపించేది. ముసలాయన వేస్తే తినని గడ్డి ఆమె వేస్తే తినేవి. చెవి లేని పక్క పుండు మీద పసుపు రాస్తుంటే కదలకుండా తల ఆమె చేతికిచ్చి నిలబడేవి. ఎందుకిలా ఉన్నాయని ఆమె ఒక్కరోజూ నన్ను అడగలేదు. నన్ను చూస్తే నమస్తే సారూ అనేది.

మరుసటి ఏడు పథకం మళ్లీ వచ్చింది. పటేలు అరుగు మీద కూర్చుని చెప్పాడు, నేను రాశాను. మొదటి పేరు ఆమెదే. విధవ, ఎకరం భూమి, బ్యాంకులో బాకీ లేదు. ఆ ఊళ్లో సబ్సిడీకి ఆమె కంటే అర్హులు ఎవరూ లేరు. బర్రె మాత్రం కొట్టానికే.

అంగడి నుంచి బర్రె వచ్చిన రోజు ఆమెను పిలిచాను. పేడ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి వేలిముద్ర వేసింది. ముగ్గు లేదు, కొబ్బరికాయ లేదు. డాక్టరు బిళ్ల గుచ్చుతుంటే బర్రె మొహం పట్టుకోలేదు, పక్కకు నిలబడి చూసింది. అయ్యాక నా దగ్గరకొచ్చింది.

"సారూ, ఇది సస్తే ఏం జెయ్యాల్నో ఈసారి ముందుగాలనే చెప్పు."

ఈసారి అన్నది. ముందుగాలనే అన్నది. గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. గుమాస్తా ముందు నేనన్న మాట ఆమెకు తెలిసే వీలే లేదు. నేను చెప్పాను. కబురెప్పుడు పెట్టాలో చెప్పాను, చెవి ఎక్కడికి కోయాలో నా చెవి పట్టుకుని చూపించాను, పాడు కాకుండా ఉప్పులో పెట్టాలని చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపకుండా, తల ఊపుతూ ఆమె అంతా విన్నది. పక్కనే కొత్త బర్రె రెండు చెవులూ ఆడిస్తూ నిలబడి ఉంది.